సాల్మన్ కేజ్ దాటకుండా: గట్టి వలా, గట్టు మీద ట్యాంకా, గొడ్డు చేపా?

2025 ఫిబ్రవరిలో ఉత్తర నార్వేలోని ట్రోమ్స్ తీరంలో తుఫాను వాతావరణానికి, సాల్మన్లు పెంచే మోవి కంపెనీ కేజ్ (సముద్రంలో తేలే వల పంజరం) ఒకటి దెబ్బతింది. దాదాపు 27,000 సాల్మన్లు సముద్రంలోకి జారుకున్నాయి. పట్టి అప్పగించిన వాళ్లకు చేపకు 500 క్రోనర్ల చొప్పున ఇస్తామని కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది. పోయినవి కంపెనీ చేపలే కదా, నష్టం వాళ్లదే కదా అనిపిస్తుంది. ఆ నష్టానికి బీమా ఉంటుంది. బీమా లేనిది పక్కనున్న నదికి.

సముద్రం నుంచి గోదావరికి పులస ఎదురీదినట్టే అట్లాంటిక్ సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి నదికి వస్తుంది. ఇది ఇంకా పట్టుదల గలది, చాలావరకు తాను పుట్టిన నదికే తిరిగొస్తుంది. అందువల్ల ఒక్కో నదిలో ఒక్కో వంశం నిలిచింది. ఆ నది చలికీ, ఒరవడికీ, అక్కడ దొరికే తిండికీ తరతరాలుగా అలవాటు పడిన వంశం అది. కేజ్ చేప కథ వేరు. నార్వేలో 1970ల తొలినాళ్లలో సుమారు 40 నదుల నుంచి తెచ్చిన చేపలతో మొదలుపెట్టి, తరానికి తరం త్వరగా బరువెక్కేవాటినే ఎంచుకుంటూ తయారుచేసిన రకం. మేత పైనుంచి పడుతుందని దానికి తెలుసు. నీటికుక్క ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు.

బయటపడ్డ చేపలో ఎక్కువ శాతం చచ్చిపోతుంది. మిగిలినవి ఈడుకొచ్చాక నది ఎక్కి అక్కడి చేపలతో జతకడతాయి. దీని ఫలితం ఏమిటో ఊహించుకోనక్కర్లేదు, కొలిచి చూశారు. నార్వేలో ఇమ్సా నదిలో చేసిన ప్రయోగంలో పెంపకపు చేపల సంతాన సాఫల్యం అడవి చేపలతో పోలిస్తే 16 శాతమే. ఐర్లండ్‌లోని బరిషూల్‌లో అది 2 శాతం దగ్గర తేలింది. అలా చచ్చిపోతే పీడా పోయిందనుకోవడానికి లేదు. నదిలో ఉన్నంతకాలం ఈ పిల్లలు త్వరగా పెరిగి స్థానిక పిల్లల్ని మంచి చోట్ల నుంచి నెట్టేస్తాయి. తీరా సముద్రానికి వెళ్లి తిరిగి రావాల్సిన వేళకి ఇవీ మిగలవు, అవీ తగ్గిపోతాయి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 2013లో 20,000 చేపలు ఒక్కసారిగా తప్పించుకున్నాక చుట్టుపక్కల 18 నదుల్లో పిల్లల్ని పరీక్షిస్తే 17 నదుల్లో సంకరం కనబడింది.

ఒక లెక్క మనసులో ఉంచుకుంటే తర్వాతి పోలిక తేలికవుతుంది. నార్వే కేజ్‌లలో ఏ సమయంలో చూసినా దాదాపు 40 కోట్ల సాల్మన్లు ఉంటాయి. సముద్రం నుంచి నార్వే నదులకు ఏటా తిరిగొచ్చే అడవి సాల్మన్లు ఇప్పుడు 5 లక్షల లోపే. కేజ్‌లలోంచి వెయ్యికి ఒకటి జారినా అది 4 లక్షలు. అంటే ఇక్కడ 99.9 శాతం విజయం కూడా చాలదు. ఏ పద్ధతిని తూచినా ఈ తక్కెడలోనే తూచాలి.

ముందు తేల్చుకోవాల్సింది: పక్కన బంధువులున్నారా?

ఏ పరికరం కొనాలో చూసే ముందు మ్యాప్ చూడాలి. కేజ్‌లో పెంచే జాతే పక్క నదుల్లో అడవిగా ఉంటే (నార్వే, స్కాట్లండ్, ఐర్లండ్, ఐస్‌లాండ్, తూర్పు కెనడా, అమెరికాలోని మెయిన్ రాష్ట్రం) అసలు భయం వంశం కలుషితం కావడం. అదే జాతి అక్కడ లేకపోతే (చిలీ, టాస్మానియా) పారిపోయిన అట్లాంటిక్ సాల్మన్‌కు జతకట్టే బంధువు ఉండదు. అక్కడి గొడవలు రోగాలు, చిన్న చేపల్ని తినేయడం, కొత్త జాతి పాతుకుపోవడం. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ సాల్మన్లు ఉన్నాయి కానీ అవి వేరే జాతులు, అట్లాంటిక్ దానితో సంకరం కావు.

ఈ తేడా పట్టించుకోకుండా అన్ని చోట్లకీ ఒకే మందు రాసే నివేదికలు బోలెడు. చిలీకి గొడ్డు చేప (సంతానం కనలేని చేప) సలహా ఇచ్చి, నార్వే ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నడిబొడ్డున వల మందం పెంచమంటే రెండూ తప్పు చోట పడ్డ ఖర్చులే.

మార్గాలు మొత్తం రెండు గుంపులు. చేప బయటపడకుండా ఆపేవి ఒకటి, బయటపడ్డా నదికి నష్టం లేకుండా చేసేవి రెండోది. అడవి బంధువులున్న చోట రెండో గుంపులోంచి ఏదో ఒకటి లేని ప్రణాళికను నేను నమ్మను. ఎందుకో ఒక్కొక్కటీ చూస్తే తెలుస్తుంది.

తెరిచిన వల, కట్టుదిట్టమైన నిబంధన

ప్రపంచంలో సాల్మన్ అత్యధికంగా పెరుగుతున్నది దీంట్లోనే, ఇంకో పదేళ్లు పెరగబోయేదీ దీంట్లోనే. అందుకే దీని మీద ఎక్కువ సేపు నిలబడదాం.

నార్వేలో మామూలు కేజ్ అంటే 160 మీటర్ల చుట్టుకొలత గల ప్లాస్టిక్ రింగు, కింద పదుల మీటర్ల లోతున్న వల. ఒక్క కేజ్‌లో చట్టం ప్రకారం 2 లక్షల చేపల దాకా వేయొచ్చు. అలాంటివి పక్కపక్కనే పది, పన్నెండు. వలకు ఒకే ఒక్క చిల్లు పడితే ఎన్ని చేపల ముందు తలుపు తెరుచుకుంటుందో ఆలోచించండి.

2006లో నార్వేలో 9 లక్షలకు పైగా సాల్మన్లు తప్పించుకున్నట్టు కంపెనీలే లెక్క చెప్పాయి. అప్పటికే ఎన్‌ఎస్ 9415 అనే సాంకేతిక ప్రమాణం వచ్చింది (2003), దాన్ని తప్పనిసరి చేసే నిబంధన 2004లో అమల్లోకి వచ్చింది. పాత పరికరాలు తీసేసి కొత్తవి వేయడానికి కొన్నేళ్లు పట్టింది. ఆ నిబంధన కోరేది సూటిగా ఇదీ: ప్రతి సైట్‌లో గాలి, అల, ప్రవాహం కొలవాలి. 50 ఏళ్లకోసారి వచ్చే తుఫానుకు తట్టుకునేలా రింగు, వల, లంగరు తాళ్లు అన్నీ కలిపి లెక్కగట్టాలి. బయటి సంస్థ వచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఉత్పత్తి రెట్టింపుకు మించి పెరిగినా, ప్రకటించిన పారిపోయిన చేపల సంఖ్య ఎక్కువ ఏళ్లలో 3 లక్షల లోపే ఉంది. ఒక కాగితపు నిబంధన ఇంత పని చేయడం ఆక్వా రంగంలో అరుదు. నా మట్టుకు పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్గం ఇదే.

అయితే ఆ లెక్క కంపెనీలు ప్రకటించినది. అసలు సంఖ్య దానికి రెండు నుంచి నాలుగు రెట్లు ఉండొచ్చని నార్వే సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2005–2011 కాలానికి అంచనా వేశారు. ఎవరో అబద్ధం చెప్పారని కాదు. చిన్న పిల్లలు వల కన్నులోంచి ఒక్కొక్కటిగా జారిపోతే ఎవరికీ తెలియదు. కోత రోజున లెక్క తగ్గితే రోగానికి చచ్చాయనో, మొదట్లో లెక్క తప్పిందనో సర్దేసుకుంటారు.

చిల్లు ఎలా పడుతుందో దగ్గర్నుంచి చూస్తే ఎక్కడ డబ్బు పెట్టాలో అర్థమవుతుంది. వల కింద ముడుచుకుపోకుండా బరువైన రింగొకటి వేలాడుతుంది, దాన్ని పై రింగుకు గొలుసులతో కడతారు. ప్రవాహం గట్టిగా ఉన్న రోజుల్లో వల పక్కకి ఉబ్బి గొలుసుకు రాసుకుంటుంది. రోజూ కాస్త, వారాల తరబడి. చేప ఒంటికి పట్టే సముద్రపు పేలు వదిలించే రోజున అసలు సందడి. పడవ వస్తుంది, క్రేన్‌తో అడుగు రింగు పైకి లాగుతారు, వల ముడుచుకుంటుంది, చేపల్ని ఒక మూలకి తోస్తారు, పైపుతో పీలుస్తారు, మళ్లీ దింపుతారు. ఈ వరసలో ఎక్కడో ఒక తాడు చిక్కుకుంటుంది, ఒక కొక్కెం తగులుతుంది. వల శుభ్రం చేసే ప్రెషర్ యంత్రం కూడా వలను అరగదీస్తుంది. సంఘటనల లెక్క తీస్తే ఎక్కువ భాగం ఇలాంటి చిల్లులవే. చేపల సంఖ్య తీస్తే ఎక్కువ భాగం మొత్తం కేజ్ కూలినప్పటివి.

కూలడానికి ఉదాహరణలు కావాలంటే రెండు. 2020 ఆగస్టులో ఎలెన్ తుఫానుకు స్కాట్లండ్‌లోని క్యారడేల్‌లో లంగరు తెగి ఫామ్ మొత్తం జరిగిపోయింది, దాదాపు 49,000 చేపలు పోయాయి. 2017 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్రంలోని సైప్రస్ దీవి దగ్గర కుక్ కంపెనీ ఫామ్ కూలింది. గ్రహణం వేళ పోటెత్తిన ఆటుపోట్ల వల్లేనని కంపెనీ మొదట చెప్పింది. ప్రభుత్వ విచారణలో తేలింది వేరు: వలలకు పట్టిన మసెల్ చిప్పలు, ఇతర జీవాల బరువే 110 టన్నులు. కన్నులు మూసుకుపోయిన వల ప్రవాహానికి తెరచాపలా అడ్డుపడి ఫామ్‌ను లాగేసింది. రెండున్నర లక్షల దాకా చేపలు బయటపడ్డాయి, అందులో సగం కూడా తిరిగి దొరకలేదు. సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఆ వేసవి చేపల వేటకు వెళ్లినవాళ్లకి ఈ కథ గుర్తుండే ఉంటుంది. తర్వాతి ఏడాదే ఆ రాష్ట్రం బయటి జాతుల కేజ్ సాగుకు చరమగీతం పాడే చట్టం తెచ్చింది.

వల పదార్థాల సంగతి క్లుప్తంగా. నైలాన్ చవక, మెత్తన, కుట్టడం తేలిక. కానీ నాచు, చిప్పలు త్వరగా పడతాయి. డైనీమా లాంటి కొత్త నూలు సన్నగా ఉండి గట్టిగా ఉంటుంది, ప్రవాహానికి తక్కువ అడ్డు, ధర ఎక్కువ. గట్టి పాలిస్టర్ తీగ వలలు సీల్ అనే చేపలు తినే సముద్ర జంతువు కొరుకుడికి తట్టుకుంటాయి. రాగి మిశ్రమం వల దుబారా అనిపిస్తుంది కానీ సీల్స్ బెడద ఎక్కువున్న చోట దాని విలువ తెలుస్తుంది. సేల్స్‌వాళ్లు ఎంత చెప్పినా నా మాట ఇది: మామూలు వల వేసి, ప్రతి పని తర్వాతా కెమెరా దింపి వల చుట్టూ చూసే ఫామ్, ఖరీదైన వల వేసి నెలల తరబడి చూడని ఫామ్ కన్నా నయం.

ఐస్‌లాండ్‌లో 2023 ఆగస్టులో జరిగింది ఇందుకు సాక్ష్యం. పాట్రెక్స్‌ఫ్యోర్డుర్‌లోని ఒక కేజ్‌కి జానెడేసి చిల్లులు రెండు. పోయినవి సుమారు 3,500 చేపలే. కానీ లైట్ల నిర్వహణ సరిగా లేక అందులో చాలావాటికి ఈడు వచ్చేసింది. (చలికాలంలో కేజ్‌లో లైట్లు వేసి ఉంచేది చేప త్వరగా గుడ్డుకు రాకుండా ఉండడానికే.) ఈడుకొచ్చిన చేప బయటపడగానే నదిని వెతుక్కుంటుంది. కొన్ని వారాల్లోనే అవి దూరంగా ఉన్న నదుల్లో తేలాయి. వేలకొద్దీ పిల్లచేపలు పోవడం కన్నా ఈడుకొచ్చిన 3,500 పోవడం నదికి పెద్ద దెబ్బ కావచ్చు. అందుకే సంఖ్య ఒక్కటే చూసి సంబరపడటమో కంగారుపడటమో సరికాదు.

నేల మీద పెంచి ఆలస్యంగా దించడం

పాత పద్ధతిలో పిల్లల్ని 100 గ్రాముల దగ్గర సముద్రంలో వేస్తారు. ఇప్పుడు అర కిలో, ఒక్కోసారి కిలో దాకా నేల మీద ట్యాంకుల్లోనే పెంచి తర్వాత దించుతున్నారు. దీనివల్ల వల కన్నులోంచి జారే సమస్య దాదాపు పోతుంది. సముద్రంలో ఉండే కాలం ఏడాదిన్నర నుంచి ఏడాదికి దిగుతుంది. పేలు వదిలించే సార్లు తగ్గుతాయి, చిల్లులు పడే సందర్భాలూ తగ్గుతాయి. దీని గురించి పెద్దగా ఎవరూ హడావుడి చేయరు కానీ తెరిచిన వలను వదులుకోలేని ఫామ్‌కి నేనిచ్చే మొదటి సలహా ఇదే. ఒక్క జాగ్రత్త: వెచ్చని నీళ్లలో, ఆగని వెలుతురులో త్వరగా పెంచితే మగ చేపలు కొన్ని ముందే ఈడుకొస్తాయి. ఐస్‌లాండ్ కథ చదివాక అది ఎందుకు ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

మూసిన కేజ్, నేల మీద ట్యాంకు, నడి సముద్రం

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి భవిష్యత్తు సాగు అని పొగుడుతుంటారు. పారిపోయే కోణంలో చూస్తే మూడూ మూడు రకాలు.

సముద్రంలోనే తేలే మూసిన కేజ్ అంటే వల బదులు గట్టి గోడ, లేదా దళసరి గుడ్డ సంచి. లోతు నుంచి నీళ్లు తోడి లోపలికి పంపుతారు, అందువల్ల పైపొరలో ఉండే పేను లార్వా లోపలికి రాదు. పేలు లేకపోతే మందుల పని లేదు, క్రేన్ పని లేదు. తప్పించుకునే అవకాశం ఇలా చుట్టుదారిలో కూడా తగ్గుతుంది. అయితే అలలకి లోపలి నీరంతా ఒక వైపు ఊగి గోడ మీద పడే ఒత్తిడి తెరిచిన వలకు ఉండదు. గుడ్డ చిరిగితే చిన్న చిల్లు కాదు, పెద్ద గండి. కాబట్టి ప్రశాంతమైన ఫ్యోర్డ్‌లోనే, చుట్టూ ఇంకో వల వేసి వాడాలి. పంపులకు కరెంటు, ఆక్సిజన్‌కు బ్యాకప్ తప్పనిసరి.

నేల మీద నీటిని శుద్ధి చేసి తిప్పి తిప్పి వాడే ఆర్‌ఏఎస్ ట్యాంకుల్లో పారిపోవడం దాదాపు సున్నా. అవుట్‌లెట్ జాలీలు సరిగా ఉండాలంతే, నది ఒడ్డున ఉన్న హేచరీల్లోంచి పిల్లలు జారిన సందర్భాలున్నాయి. కానీ ఇక్కడ చేప పారిపోదు, చచ్చిపోతుంది. ఫ్లోరిడాలో అట్లాంటిక్ సఫైర్ కంపెనీ 2020, 2021లో పెద్ద ఎత్తున చేపల్ని కోల్పోయింది. డెన్మార్క్‌లోని దాని ఫామ్ 2021లో కాలిపోయింది. నీళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటే గంటల్లో ట్యాంకు మొత్తం పోతుంది. కరెంటు ఖర్చు భారీ, అది బొగ్గు కరెంటైతే నదిని కాపాడి గాలిని పాడుచేసినట్టు. పెట్టుబడి ఇంకా భారీ. మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే, తెలంగాణలో కందుకూరు దగ్గర ఇదే పద్ధతిలో సాల్మన్ కుటుంబానికే చెందిన రెయిన్‌బో ట్రౌట్ పెంచుతున్నారు. చల్లటి నీటి చేపని దక్కన్ ఎండలో పెంచడం ట్యాంకులోనే సాధ్యం. అంటే దీని అసలు బలం అడవి చేపల్ని కాపాడటం కన్నా, మార్కెట్ పక్కనే పెంచుకోగలగడం. కాపాడటం కోసమే ఇంత ఖర్చు పెట్టమంటే ఏ కంపెనీ ముందుకు రాదు, చట్టం నెట్టాల్సిందే. బ్రిటిష్ కొలంబియాలో కెనడా ప్రభుత్వం ఆ పనే చేసింది, తెరిచిన వలలకు 2029 జూన్ 30ని గడువుగా ప్రకటించింది.

నడి సముద్రపు ఫామ్ మీద మాత్రం నాకు ఈ విషయంలో నమ్మకం తక్కువ. నార్వేలో సాల్మార్ సంస్థ 2017లో దించిన ఓషన్ ఫార్మ్ 1 వెడల్పు 110 మీటర్లు, అందులో 15 లక్షల చేపలు పట్టే వీలుంది. 2018లో అది ఒక పక్కకు ఒరిగి, తెరిచి ఉన్న తలుపు నీటి మట్టానికి దిగడంతో వేల చేపలు బయటికి పోయాయి. ఉక్కు తెగలేదు, డిజైన్ తప్పలేదు, ఒక తలుపు మూయలేదు. తీరానికి దూరంగా ఉండటం వల్ల నది చేరే చేపలు తగ్గుతాయన్నది నిజమే కావచ్చు. కానీ అంత పెద్ద కేజ్‌లో ఒక్క పొరపాటు విలువ చాలా పెద్దది.

గొడ్డు చేప

చేప బయటపడినా సంతానం కనలేకపోతే నది వంశానికి ఢోకా లేదు. ఆలోచన అందమైనది. అమలు అంత అందంగా లేదు.

ఇప్పటికి చేతిలో ఉన్న పద్ధతి ట్రిప్లాయిడ్. గుడ్డు ఫలదీకరణ అయిన కాసేపటికి సుమారు 650 బార్ల ఒత్తిడిలో ఓ 5 నిమిషాలు ఉంచుతారు. దాంతో గుడ్డు బయటికి తోసేయాల్సిన క్రోమోజోముల సెట్టు లోపలే ఉండిపోయి, పిల్లకి రెండుకు బదులు మూడు సెట్లొస్తాయి. జన్యువులో కోత, అతుకు ఏమీ లేదు. ఆడ చేపకు గుడ్లు రావు. మగ చేప చూపులకి ఈడుకొచ్చినట్టే ఉంటుంది, నదికి వెళ్లి ఆడదాని వెంట తిరగనూవచ్చు, కానీ దాని వల్ల బతికే పిల్లలు పుట్టవు. అలా అడవి ఆడ చేప గుడ్లు వృథా అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ట్రిప్లాయిడ్ చేసేటప్పుడు అన్నీ ఆడవే ఉండేలా చూసుకోవడం మంచిది.

సమస్య చేప ఒంట్లో. వెన్నుపూస వంకరలు, కింది దవడ లోపాలు, కంటి శుక్లాలు ఎక్కువ. మేతలో భాస్వరం, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం పెంచితే కొంత మేలు. నీళ్లు వెచ్చబడి ఆక్సిజన్ తగ్గితే మామూలు చేప కన్నా ముందు ఇవే కూలబడతాయి. నార్వేలో చల్లటి ఉత్తరాన పెద్ద ఎత్తున పెంచి చూశారు, అక్కడా చలికాలపు పుండ్లు, రోగాలు వేధించాయి. చేపల సంక్షేమం పేరుతోనే అక్కడి శాస్త్రవేత్తలు వాణిజ్య స్థాయిలో దీన్ని కొనసాగించవద్దన్నారు. నేనూ ఒప్పుకుంటాను. అడవి చేపని కాపాడటానికి కోట్ల చేపల్ని బాధపెట్టడం పరిష్కారం కాదు. పైగా సముద్రం ఏటేటా వెచ్చబడుతున్నప్పుడు వెచ్చదనానికి తట్టుకోలేని చేపని ఎంచుకోవడం తెలివైన పనీ కాదు.

రెండోది జన్యు కోత. డీఎన్‌డీ అనే జన్యువును క్రిస్పర్‌తో పనిచేయకుండా చేస్తే చేపలో బీజ కణాలే ఏర్పడవని నార్వే పరిశోధకులు 2016లో చూపించారు. ఈ చేపకి మూడో సెట్టు బాధలేవీ ఉండవు. చిక్కు ఏమంటే గొడ్డు చేప నుంచి సీడ్ ఎలా తీయాలి? దానికీ ప్రయోగశాలలో దారి కనిపెట్టారు. కానీ చట్టం, కొనేవాళ్ల నమ్మకం అనే రెండు గేట్లు ఇంకా తెరుచుకోలేదు. జన్యు మార్పిడి సాల్మన్‌కు అమెరికా 2015లో అనుమతిచ్చినా దాన్ని నేల మీద ట్యాంకుల్లోనే, ఆడ ట్రిప్లాయిడ్‌లుగా పెంచిన ఆక్వాబౌంటీ కంపెనీ 2024 చివర్లో చేపల పెంపకం ఆపేసింది. అందువల్ల ఈ మార్గాన్ని పరిశోధనగా పోషించాలి, ఇవాళ్టి ప్రణాళికలో లెక్కేసుకోకూడదు.

దూరం, ఆపై నదిలో ఏరివేత

నార్వే 52 నదుల్ని, 29 ఫ్యోర్డ్‌లని జాతీయ సాల్మన్ ప్రాంతాలుగా ప్రకటించి అక్కడ కొత్త ఫామ్‌లు రానీయకుండా కట్టడి చేసింది. ఐస్‌లాండ్ తన తీరంలో ఎక్కువ భాగాన్ని సాల్మన్ కేజ్‌లకు మూసేసింది. చవకైన మార్గం, ముందే చేస్తే. ఫామ్‌లు వచ్చాక ఖాళీ చేయించడం రాజకీయం. ఇది పూర్తి రక్ష కాదని 2023 చేపలు చూపించాయి కానీ పేలు, రోగాలు, పారిపోయిన చేపలు మూడింటి భారమూ తగ్గించే మార్గం ఇది.

తప్పించుకున్నాక వలలేసి పట్టడం అన్నిటికన్నా బలహీనం. నార్వేలో ఫామ్ చుట్టూ 500 మీటర్ల లోపల వెంటనే వలలు వేయాలన్నది నిబంధన. చేపలేమో కొద్ది రోజుల్లోనే పదుల కిలోమీటర్లు వెళ్తాయి. చిలీలో 2018 జూలైలో పుంటా రెడోండా నుంచి సుమారు 6,90,000 చేపలు పోతే 10 శాతమైనా తిరిగి పట్టాలన్న చట్టాన్ని కంపెనీ అందుకోలేకపోయింది.

నదిలో ఏరివేత మాత్రం వేరే కథ, ఇది పనికొస్తుంది. శరదృతువులో ఈతగాళ్లు ముఖానికి మాస్క్, నోట్లో గొట్టం పెట్టుకుని నది పైనుంచి కిందికి తేలుతూ వస్తారు, కేజ్ చేప కనబడితే ఈటెతో పొడుస్తారు. ఎలా గుర్తుపడతారు? అరిగిన రెక్కలు, పొట్టి మొప్ప మూత, ఒంటి మీద మరీ ఎక్కువ మచ్చలు. అనుమానం ఉంటే పొలుసు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. అడవి చేప పొలుసులో నదిలో గడిపిన కాలానికి ఇరుకైన వలయాలు, సముద్రంలోకి వెళ్లాక వెడల్పైనవి. కేజ్ చేప పొలుసులో ఆ తేడా మసకగా ఉంటుంది, ఏడాదంతా ఒకే మేత తిన్న గుర్తు. నార్వేలో 2015 నుంచి ఈ పని ఖర్చు పరిశ్రమే భరించే ఏర్పాటు ఉంది. ఎవరి చేపో తెలియకపోయినా అందరూ కలిసి కడతారు. ఎవరి చేపో తెలిస్తే ఇంకా బాగుంటుంది. మెయిన్‌లో ఫామ్ చేపల మూలం జన్యు పరీక్షతో పట్టుకునే పద్ధతి పెట్టారు, పారిపోయినట్టు దాచడం కుదరదు.

మరి ఏది ఎంచుకోవాలి?

అడవి అట్లాంటిక్ సాల్మన్ నది ముఖద్వారం దగ్గర ఉంటే: తెరిచిన వల వద్దు. మూసిన కేజ్, కుదరకపోతే ఫామ్‌ను దూరానికి మార్చడం. రెండూ కాదంటే అక్కడ సాల్మనే వద్దు.

అదే తీరంలో నదులకు కాస్త దూరంగా, ఇప్పటికే నడుస్తున్న ఫామ్ అయితే: పెద్ద పిల్లల్ని దించడం, ప్రమాణం ప్రకారం లంగరు, ప్రతి పని తర్వాత కెమెరా, చేప జన్యు గుర్తింపు, చుట్టుపక్కల నదుల్లో ఏటా ఏరివేతకు డబ్బు. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా మిగతావాటి విలువ పడిపోతుంది. డబ్బు చాలకపోతే వల పదార్థం దగ్గర తగ్గించండి, పరిశీలన దగ్గర కాదు.

బంధువులు లేని తీరంలో అట్లాంటిక్ సాల్మన్ అయితే: గట్టి లంగరు, సీల్స్‌కి తట్టుకునే వల, శుభ్రత. గొడ్డు చేప మీద ఖర్చు అనవసరం. కానీ చినూక్ లాంటి పసిఫిక్ జాతి పెంచితే ఇదే మాట చెప్పను. చిలీ, అర్జెంటీనా పటగోనియా నదుల్లో చినూక్ ఇప్పటికే సొంతంగా పాతుకుపోయింది.

కొత్తగా పెట్టేవాళ్లు, చవక కరెంటూ పెద్ద పెట్టుబడీ ఉన్నవాళ్లు: నేల మీద ట్యాంకు. అయితే మొదటి రెండు మూడు పంటలు పోతే తట్టుకునే దమ్ము ఉండాలి.

మన సంగతికొస్తే, విశాఖ తీరంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) 2007లో సముద్రపు కేజ్ దించి పండుగప్ప పెంచింది. ఇక్కడ కేజ్‌లో వేసేది మన తీరపు జాతే. అందువల్ల పరాయి జాతి భయం లేదు కానీ, కొద్దిపాటి తల్లి చేపల నుంచి తీసిన సీడ్‌నే ఏటా వేస్తూ పోతే నార్వే ప్రశ్నే ఇక్కడా పుడుతుంది. తల్లి చేపల్ని ఎక్కడి నుంచి, ఎన్నింటిని తెస్తున్నారన్నది మొదటి రోజు నుంచీ రాసిపెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు.

కొనేవాళ్లుగా మన చేతిలో ఉన్నది తక్కువే, అయినా ఉంది. బాధ్యతగా పెంచిన చేపలకిచ్చే ఏఎస్‌సీ ముద్ర కావాలంటే ఒక సాగు చక్రంలో 300కు మించి చేపలు తప్పించుకోకూడదన్నది ఆ ప్రమాణంలోని షరతు. ప్యాకెట్ మీద అలాస్కా అని ఉంటే అది పెంపకపు చేప కాదు, అక్కడ చేపల పెంపకాన్ని 1990లోనే నిషేధించారు. నార్వే అని ఉంటే ఏ కంపెనీదో చూడండి. పెద్ద కంపెనీల వార్షిక నివేదికల్లో పారిపోయిన చేపల లెక్క ఉంటుంది, నార్వే మత్స్య డైరెక్టరేట్ కూడా ప్రకటించిన సంఘటనల లెక్కని బహిరంగంగా పెడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ బ్రాండ్ కొనాలో చాలావరకు తేలిపోతుంది.